తిండి గురించి అడగడం తిండిపోతుతనం కాదు

మెస్‌లో పప్పు నీళ్లగా ఉందని ఎవరైనా అంటే చాలు, "ఇంటి దగ్గర ఏం తిన్నావురా, ఇక్కడ అడుగుతున్నావు?" అనే మాట వినబడుతుంది. పెద్దవాళ్లే కాదు, మనలో మనమే అనుకుంటాం. చదువుకోవడానికి వచ్చాం గానీ తినడానికా అని సర్దుకుపోయేవాళ్లే మంచి పిల్లలని పేరు. ఈ ఆలోచన ఎంత తప్పో చెప్పడానికి మేము ఒక రోగం సంగతి ఎంచుకున్నాం. దాని పేరు పెల్లాగ్రా.

ఎండ తగిలే చోట, అంటే మెడ, ముంజేతులు, పాదాల మీద, చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ ఏర్పడుతుంది. నాలుక ఎర్రగా పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, తర్వాత మతి తప్పుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఇంతకీ కారణం నియాసిన్ అనే బి3 విటమిన్ లోపం. పెద్ద మనిషికి రోజుకు సుమారు 15 మిల్లీగ్రాములు చాలు. ఆ మాత్రం అందకనే వేలాదిమంది పోయారు.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పేదలు మొక్కజొన్న పిండి, బెల్లపు పాకం, కొవ్వు ముక్కలతో కడుపు నింపుకునేవారు. ఇది అంటురోగమని డాక్టర్లు నమ్మారు. 1914లో ప్రభుత్వం పంపగా వెళ్లిన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ పిచ్చాసుపత్రుల్లో ఒక విషయం గమనించాడు. రోగులతో రోజంతా తిరిగే నర్సులకు ఈ జబ్బు రావడం లేదు! అనాథాశ్రమంలో ఇంకా విచిత్రం. మరీ చిన్నపిల్లలకు పాలు పోసేవారు, పని చేయగల పెద్దపిల్లలకు మాంసం పెట్టేవారు. రెండూ దక్కని నడిమి వయసు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకే పెల్లాగ్రా వచ్చేది. పాలు, గుడ్లు, మాంసం పెట్టించగానే తగ్గింది. అంటురోగం కాదని నిరూపించడానికి ఆయన, భార్య, తోటి డాక్టర్లు రోగుల రక్తాన్ని తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా 1921లో అక్కడి అధ్యక్షుడు సాయం ప్రకటిస్తే, మా ప్రాంతంలో ఆకలి ఉందంటారా అని దక్షిణాది నాయకులకు కోపం వచ్చింది. రోగం కంటే పరువే వాళ్లకు ఎక్కువైంది. అసలు పదార్థం నియాసినేనని 1937లో తేలింది. అప్పటికి గోల్డ్‌బెర్గర్ చనిపోయి ఎనిమిదేళ్లు.

ఇది పరాయి దేశపు కథ అనుకోకండి. జొన్నగట్క, జొన్నరొట్టె తప్ప మరొకటి ఎరగని మన దక్కన్ కూలీల్లోనూ పెల్లాగ్రా ఉండేది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకంఠయ్య దీన్ని పరిశీలించి 1960లో ప్రకటించారు. జొన్నలో లూసిన్ ఎక్కువ కావడమే కారణమని వారి వాదన. దానిమీద తర్వాత చర్చ చాలా జరిగింది. అంతమాత్రాన జొన్నను తిట్టనక్కర్లేదు. జొన్నతో పాటు పప్పు, పల్లీలు, పాలు ఉన్న ఇంట్లో ఈ రోగం లేదు. మెక్సికోలో మొక్కజొన్నను సున్నం నీళ్లలో ఉడికించి తింటారు, దాంతో అందులోని నియాసిన్ ఒంటికి పడుతుంది. గింజ ప్రపంచమంతా పాకింది గానీ ఆ పద్ధతి వెంట పోలేదు. ఇప్పుడు అదే జొన్నరొట్టె పట్నంలో షుగర్ ఉన్నవాళ్ల భోజనమైంది. మన తాతలు అది తిన్నందుకు నామోషీ పడిన రోజులు గుర్తొస్తే నవ్వొస్తుంది!

మన హాస్టల్లో పెల్లాగ్రా ఉందని మేము అనడం లేదు. పప్పు, గుడ్డు, పల్లిపట్టి సరిగా అందేవాడికి అది రాదు. మా మాటల్లా ఆ "సరిగా" గురించే. పల్లీల్లో నియాసిన్ దండిగా ఉంది. గుడ్డు, పాలలోని ట్రిప్టోఫాన్ నుంచి శరీరమే నియాసిన్ తయారు చేసుకుంటుంది. అందుచేత గుడ్డు ఎగ్గొట్టినప్పుడు పోయేది రుచి ఒక్కటే కాదు. లైనులో ముందు నిలబడేది సీనియర్లం. గరిట అడుగుకు చేరేసరికి ఆరో తరగతి తమ్ముడి ప్లేట్లో పడేది పసుపు నీళ్లు. అనాథాశ్రమపు నడిమి పిల్లల సంగతి చదివినప్పుడు మాకు వెంటనే తట్టింది ఈ లైనే.

కనుక మా అభిప్రాయం ఇది. స్టోర్ నుంచి పప్పు తీసేటప్పుడు ఇద్దరు విద్యార్థులు పక్కనుండి తూకం చూసి సంతకం పెట్టాలి. వారంలో కొన్ని రోజులైనా చిన్న తరగతులకు ముందు వడ్డించాలి. దీనికి జీవో అక్కర్లేదు, మనం అనుకుంటే రేపే మొదలవుతుంది. అడిగినవాడిని తిండిపోతు అని గేలిచేయడం మానాలి. మన ఇళ్లలో టీబీ మందులు వాడేవాళ్లు, తాగుడు అలవాటున్నవాళ్లు ఉంటే వాళ్ల తిండి మీద కూడా కన్నేసి ఉంచండి, నియాసిన్ లోపం వాళ్లకు త్వరగా వస్తుంది.

ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి అన్నలకు, అక్కలకు ఒక మనవి. వార్షికోత్సవం నాటి వంట చూసి వెళ్లిపోకండి. చెప్పకుండా ఏదో ఒక మామూలు మంగళవారం రాత్రి వచ్చి, ఆరో తరగతి పిల్లల వెనక ప్లేటు పట్టుకుని నిలబడండి.