మన మేస్త్రీల కథలో నవ్వు ఎందుకు ఉండకూడదు?

టీవీ సీరియల్ అనగానే మనకు ఒక పెద్ద బంగళా, మెట్ల మీంచి దిగే అత్తగారు, పట్టుచీర కట్టుకొని వంటింట్లో కన్నీళ్ళు పెట్టుకొనే కోడలు గుర్తుకొస్తారు. ఆ బంగళాను కట్టిన మేస్త్రీ మాత్రం ఏ ఎపిసోడ్‌లోనూ కనిపించడు. అతను ఎక్కడ పడుకున్నాడో, ఏం తిన్నాడో, ఏ జోకుకు నవ్వాడో ఎవరికీ అక్కర లేదు.

మిత్రులారా! అచ్చంగా ఆ మేస్త్రీల మీదనే తీసిన ఒక బ్రిటిష్ సీరియల్ గురించి ఈ వార్షికోత్సవ సంచికలో మీతో నాలుగు మాటలు పంచుకోవాలనుకుంటున్నాను. దాని పేరు 'ఔఫ్ వీడర్‌జేన్, పెట్'. 1983 నవంబరు 11న బ్రిటన్‌లో ఐటీవీ ఛానల్లో మొదలైంది. కడుపుబ్బ నవ్విస్తూనే గుండె బరువెక్కించే రకం. 1983-84లో, 1986లో ఐటీవీలోనూ, మళ్ళీ 2002, 2004లలో బీబీసీలోనూ మొత్తం 40 ఎపిసోడ్లు వచ్చాయి. దాని అభిమానులు నేటికీ ఏ సీను ఎక్కడ తీశారో వెతుక్కుంటూ వెళ్ళి చూసి వస్తుంటారు. ఏ సిరీస్ గొప్పది అని వాదించుకుంటుంటారు. ఆ వాదనలో నాకూ ఒక పక్షం ఉంది. అది చివరికి మన దాకా వస్తుంది కాబట్టే ఈ వ్యాసం.

పేరులోనే ఉంది కథంతా

'ఔఫ్ వీడర్‌జేన్' జర్మన్ మాట. మళ్ళీ కలిసేదాకా సెలవు అని అర్థం. 'పెట్' అనేది ఇంగ్లండ్ ఈశాన్యాన టైన్ నది ఒడ్డు జనం భార్యనో, బిడ్డనో, తెలిసినవాళ్ళనో ముద్దుగా పిలిచే మాట. సగం పరాయి భాష, సగం ఇంటి భాష. మన ఊళ్ళలో దుబాయికి బయలుదేరేవాడు గడప దాటుతూ 'పోతున్న' అనడు. అలా అంటే అశుభం. 'పోయొస్త బిడ్డా' అంటాడు. ఈ సీరియల్ పేరును మన భాషలోకి తేవాలంటే ఆ మాట చాలు.

కథ చిన్నదే. డెన్నిస్, నెవిల్, ఆజ్ అనే ముగ్గురు తాపీ మేస్త్రీలు న్యూకాజిల్ ప్రాంతం నుంచి పని వెతుక్కుంటూ జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌కు పోతారు. అక్కడ ఒక కట్టడం దగ్గర చెక్క గుడిసెలో మకాం. అదే గుడిసెలో మరో నలుగురు: లండన్ వడ్రంగి వేన్, బర్మింగ్‌హామ్ వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ బారీ, బ్రిస్టల్ భీముడు బాంబర్, లివర్‌పూల్ ప్లాస్టరింగ్ పనివాడు మాక్సీ. ఏడుగురు, ఏడు స్వభావాలు, నాలుగైదు యాసలు. తమ గుడిసెను రెండో ప్రపంచ యుద్ధకాలపు ఖైదీల శిబిరంతో పోల్చి వాళ్ళే జోకులు వేసుకుంటారు. కొత్తగా పెళ్ళైన నెవిల్‌కు ఎప్పుడూ ఇంటి మీద బెంగే, భార్య బ్రెండా మీద ధ్యాసే. ఆజ్ మొరటువాడు. జర్మన్లంటే గిట్టదు. ఇంటికి పంపాల్సిన డబ్బు బీరు పాలు చేస్తాడు. అందరికీ పెద్దన్న డెన్నిస్. అందరి తగాదాలూ అతనే తీర్చాలి, అతని సంసారం మాత్రం చక్కబడదు.

లేబర్ క్యాంపు నుంచి సెలవు మీద వచ్చిన మన బాబాయిలు, చిన్నాన్నలు చెప్పే ముచ్చట్లు విన్నవారెవరికైనా ఈ ఏడుగురూ ఎక్కడో చూసినవాళ్ళే అనిపిస్తారు.

దొరల దేశంలోనూ వలస కూలీ

మనకు ఇంగ్లీషువాడంటే దొర. రైలు తెచ్చినవాడు, పన్ను వసూలు చేసినవాడు. అలాంటి దేశం కూలీలు పొట్ట చేత పట్టుకొని, 1945లో తాము ఓడించిన దేశానికే పోయి ఇటుకలు పేర్చారంటే మొదట నమ్మబుద్ధి కాదు. కానీ అది నిజం. 1982 జనవరి నాటికి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. ఓడలు కట్టే యార్డులు, బొగ్గు గనుల మీద బతికిన ఈశాన్య ప్రాంతానికి దెబ్బ గట్టిగా తగిలింది. 1973లో బ్రిటన్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరడంతో జర్మనీలో పని చేసుకొనే హక్కు వాళ్ళకు దొరికింది. అలా పోయిన ఒక మేస్త్రీ స్నేహితుడి అనుభవాల నుంచే సినిమా దర్శకుడు ఫ్రాంక్ రొడ్డామ్‌కు ఈ ఆలోచన వచ్చింది. కథను ప్రధానంగా రాసింది డిక్ క్లెమెంట్, ఇయాన్ లా ఫ్రెనే అనే జంట రచయితలు. లా ఫ్రెనేది న్యూకాజిల్ దగ్గరి ఊరే.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ ఏడుగురి పాస్‌పోర్టులు వాళ్ళ జేబుల్లోనే ఉన్నాయి. మనసు విరిగితే ఓడెక్కి ఇంటికి పోవచ్చు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయిన మనవాళ్ళలో ఎంతోమంది పాస్‌పోర్టు ఖఫీల్ దగ్గర పెట్టి, ఏజెంటుకు అప్పు చేసి కట్టిన డబ్బు తీరేదాకా తల్లి చనిపోయినా రాలేకపోయారు. రెండు కష్టాలూ ఒకటే అని నేను అనడం లేదు. కష్టాన్ని చెప్పే పద్ధతి గురించి మాట్లాడుతున్నాను.

షూటింగ్ ఎక్కడ జరిగింది?

అభిమానులకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. జవాబు వింటే ఆశ్చర్యపోతారు. డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగే కథకు జర్మనీ వీధుల దృశ్యాలు తీసింది హాంబర్గ్‌లో. ఇక ఆ గుడిసెలు, బురద, సగం లేచిన గోడలు ఉన్న కట్టడం అసలు జర్మనీలోనే లేదు. లండన్ శివార్లలోని బోరమ్‌వుడ్‌లో ఎల్‌స్ట్రీ స్టూడియో వెనక ఖాళీ స్థలంలో వేసిన సెట్టింగు అది. 1984లో ఆ స్టూడియోను బీబీసీ కొన్నది. తరువాత ఆ స్థలంలోనే 'ఈస్ట్ ఎండర్స్' అనే మరో ప్రసిద్ధ సీరియల్ కోసం వీధుల సెట్టింగు లేచింది. అంటే అభిమానులకు ప్రాణమైన ఆ గుడిసెను చూడాలని బయలుదేరితే చూడడానికి ఏమీ మిగల్లేదు. మన కూలీలు ఒక అపార్టుమెంటు పూర్తిచేశాక వాళ్ళు ఏడాదిపాటు బతికిన రేకుల షెడ్లు మాయమైనట్టే అనుకోండి.

1986 నాటి రెండో సిరీస్‌లో ఈ ఏడుగురు ఒక పాత జమీందారీ భవంతిని బాగుచేసే పనికి దిగుతారు. కథలో దాని పేరు థార్న్‌లీ మేనర్. నిజంగా అది నాటింగ్‌హామ్‌షైర్‌లోని బీస్‌థోర్ప్ హాల్ అనే భవంతి. అక్కడి నుంచి కథ స్పెయిన్‌కు పోతుంది. 2004 నాటి క్యూబా కథను డొమినికన్ రిపబ్లిక్‌లో, అదే ఏడాది చివర వచ్చిన లావోస్ కథను థాయిలాండ్‌లో చిత్రీకరించారు.

అన్నిటికంటే గమ్మత్తైనది 2002 నాటి మూడో సిరీస్. ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోలో టీస్ నది మీద 1911లో ప్రారంభమైన ట్రాన్స్‌పోర్టర్ వంతెన ఉంది. ఎత్తయిన ఉక్కు దూలాల నుంచి తీగలతో వేలాడే ఒక బండి మనుషులనూ వాహనాలనూ అవతలి ఒడ్డుకు చేర్చే విచిత్రమైన వంతెన అది. సీరియల్‌లో మన ఏడుగురు ఆ వంతెనను ముక్కలు ముక్కలుగా విప్పి అమెరికాలోని అరిజోనాలో ఒక ఆదివాసీ తెగకు అమ్ముతారు. అంతా కంప్యూటర్ మాయ. కానీ టీవీలో అది చూసిన జనం, మా వంతెనను నిజంగానే విప్పేశారా అని మిడిల్స్‌బరో కౌన్సిల్‌కు ఫోన్లు చేశారట! చివరికి వంతెన ఎక్కడికీ పోలేదు, మిడిల్స్‌బరోలోనే ఉంది అని సిరీస్ ఆఖరున తెర మీద రాసి చూపించవలసి వచ్చింది. భద్రతా కారణాల వల్ల 2019లో దాని రాకపోకలు ఆగిపోయినప్పుడు బాధపడినవారిలో ఈ సీరియల్ అభిమానులు కూడా తప్పక ఉండి ఉంటారు.

ఇక నా పక్షం. అన్ని సిరీస్‌లలోకీ మొదటిదే గొప్పది. స్పెయిన్ ఎండ, అరిజోనా ఎడారి, క్యూబా కథలోని సముద్రం కంటికి ఇంపుగానే ఉంటాయి. కానీ అక్కడ చోటు అందం ఎక్కువైన కొద్దీ పని తక్కువగా కనిపిస్తుంది. మొదటి సిరీస్‌లో ఉన్నది చెక్క గోడలు, ఒక పొయ్యి, ఆరబెట్టిన సాక్సులు, ఒకరి గురక మరొకరికి వినిపించే మంచాలు. అయినా దాన్నే జనం గుండెల్లో పెట్టుకున్నారు. సెట్టింగు దొంగదే గాని అందులోని బతుకు దొంగది కాదు. కాంక్రీటు సంగతి తెలిసినవాడి కన్నుతో చూసి రాశారు కాబట్టి ఎల్‌స్ట్రీ ఖాళీ స్థలం జర్మనీ అయింది. చోటుకు విలువ వచ్చేది అక్కడ పనిచేసిన మనుషుల వల్ల.

నవ్వితే చులకన అవుతుందా?

కొందరు మిత్రులు అడగవచ్చు. గల్ఫ్ నుంచి పెట్టెల్లో శవాలు వచ్చిన ఊళ్ళు మనవి, పాలమూరు కూలీలు దేశమంతా ప్రాజెక్టులు కట్టి తమ పొలాలు ఎండబెట్టుకున్న చరిత్ర మనది, ఇందులో నవ్వడానికి ఏముంది అని. అడగవలసిన ప్రశ్నే. కష్టం మీద నవ్వడం నేను కోరడం లేదు. కష్టపడేవాడు కూడా నవ్వుతాడు, నవ్విస్తాడు, పోట్లాడుతాడు, ప్రేమిస్తాడు, అబద్ధాలాడతాడు అని చూపించమంటున్నాను.

జాలి మంచిదే కాని జాలిలో మనిషి కనిపించడు. ఫారం నింపేటప్పుడు 'తండ్రి వృత్తి' అనే గడిలో మనలో చాలామంది రాసే మాట ఒక్కటే: కూలి. ఆ ఒక్క మాటలో రసమట్టం పెట్టకుండానే గోడ వంకరను కంటితో పట్టేసే మేస్త్రీ లేడు. అడ్డా మీద పొద్దున్నే అందరినీ నవ్వించే పెద్దమనిషి లేడు. రెండో అంతస్తు దాకా ఇటుకలు మోస్తూ కూడా కూలి రేటు దగ్గర ఒక్క రూపాయి వదలని అమ్మ లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే కాబట్టి ఆ గడి ఎంత ఇరుకో నాకు తెలుసు.

పక్కనున్న మలయాళీలు 1987లోనే 'నాడోడిక్కాట్టు' అనే సినిమా తీశారు. దుబాయి తీసుకుపోతానని నమ్మించినవాడు ఇద్దరు నిరుద్యోగులను మద్రాసు ఒడ్డున దించి పోతాడు. ఇదే దుబాయి అనుకొని వాళ్ళు తిరుగుతారు. కేరళ అంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు వల్ల వలస కష్టం చులకన కాలేదు, ప్రతి ఇంటికీ చేరింది.

యాస సంగతి కూడా అంతే. టైన్ ఒడ్డు మాట లండన్‌వాళ్ళకు సరిగ్గా అర్థం కాదు. అయినా డెన్నిస్, నెవిల్, ఆజ్ తమ యాసలోనే ప్రేమిస్తారు, ఏడుస్తారు, గౌరవం నిలుపుకుంటారు. మన సినిమాల్లో చాలా ఏళ్ళు తెలంగాణ యాస, ఉత్తరాంధ్ర యాస రౌడీకో, వంటవాడికో, హాస్యగాడికో రాసిపెట్టినట్టు ఉండేవి. ఇప్పుడు కొంత మారింది. కానీ అదే యాసలో ఒక సెంట్రింగ్ మేస్త్రీ కథానాయకుడిగా నాలుగైదు గంటలు మనల్ని కూర్చోబెట్టగలిగే కథ ఇంకా రావలసే ఉంది.

ఈ సీరియల్‌లో లోపాలు లేవని కాదు. ఆడవాళ్ళు ఎక్కువగా భార్యలుగానో, ప్రియురాళ్ళుగానో పక్కన ఉండిపోతారు. కట్టడాల దగ్గర తట్టలు మోసే తల్లులున్న మనం ఆ తప్పు చేయకూడదు.

రాయవలసింది మనమే

ఆజ్ పాత్ర వేసిన జిమ్మీ నెయిల్‌కు అంతకుముందు నటుడిగా పేరు లేదు. బాంబర్‌గా వేసిన పాట్ రోచ్ వృత్తిరీత్యా కుస్తీ యోధుడు. వేన్ పాత్రధారి గ్యారీ హోల్టన్ రాక్ గాయకుడు. రెండో సిరీస్ పని పూర్తికాకముందే 1985 అక్టోబరులో చనిపోయాడు. బారీగా నటించిన తిమోతీ స్పాల్ 2014లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడయ్యాడు. వీళ్ళ గురించి ఇంత వివరంగా మనకు తెలుస్తున్నదంటే, ఎవరో ఆ కథను రాయదగ్గదిగా ఎంచుకొని రాయబట్టే.

మన కథలను ఎవరో వచ్చి రాస్తారని చూస్తే జాలి కథలే వస్తాయి. హాస్టల్ మీద వచ్చే వార్తలు చూడండి: పురుగుల అన్నం, ఊడిన తలుపులు. అవి రాయాల్సిందే, ప్రశ్నించాల్సిందే. కానీ రాత్రి కరెంటు పోయినప్పుడు వరండాలో మనం కట్టిన పాటలు, వార్డెన్ సారుకు పెట్టిన పేర్లు, ఒక్క బకెట్టు కోసం జరిగిన మహాయుద్ధాలు ఏ పేపర్లోనూ రావు. అవి మనకు మాత్రమే తెలుసు. అలాగే మన నాన్నల పని చోట్లు కూడా మనకే తెలుసు.

అందుకే సంపాదక వర్గానికి నాదొక సూచన. వచ్చే ఏడాది సంచికలో 'మావాళ్ళ పని చోటు' అని కొన్ని పేజీలు కేటాయించండి. ఒక్కొక్కరూ ఒక్క పేజీ చాలు. అమ్మ లేదా నాన్న ఏ ఊళ్ళో, ఏ కట్టడం దగ్గర పనిచేశారు, ఎక్కడ పడుకున్నారు, పక్క మంచం మీది మనిషి పేరేమిటి, అందరూ దేనికి నవ్వారు. వాళ్ళ మాటల్లోనే, వాళ్ళ యాసలోనే రాయండి. పూర్వ విద్యార్థులు కూడా రాసి పంపాలి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడిగితే వాళ్ళే చెబుతారు. ఇన్నాళ్ళూ మనం అడగలేదు, అంతే.