పడని బంతికి లెక్కేది?

బాస్కెట్‌బాల్‌లో లెక్కంతా బుట్టలో పడ్డ బంతికే. పడకుండా ఆపినవాడికి స్కోరుబోర్డు మీద ఒక్క అంకె కూడా రాదు. అలాంటి ఆటలో డికెంబే ముటోంబో 18 సీజన్లు నెగ్గుకొచ్చాడు. అతని సగటు మ్యాచ్‌కు పది పాయింట్లు కూడా లేదు.

1966లో కాంగో రాజధాని కిన్షాసాలో పుట్టాడు. 1987లో అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది డాక్టరవుదామని. ఏడడుగుల రెండంగుళాల కుర్రాడు కంటబడితే కోచ్ జాన్ థాంప్సన్ ఊరుకుంటాడా? వైద్యం మూలబడింది. భాషాశాస్త్రం, దౌత్యం చదివి, 1991లో డెన్వర్ నగెట్స్‌లో చేరాడు.

1994 ప్లేఆఫ్స్‌తో పేరు మోగిపోయింది. ఎనిమిదో స్థానంతో గట్టెక్కిన డెన్వర్, అగ్రస్థానంలోని సియాటిల్ చేతిలో మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. ఐదు మ్యాచ్‌ల సిరీస్ అది. ఇంకొక్కటి పోతే ఇంటికే. మిగిలిన మూడూ గెలిచింది! ఎనిమిదో జట్టు మొదటి జట్టును సాగనంపడం అమెరికా లీగ్ ఎన్‌బీఏలో అదే మొదటిసారి. ఆ ఐదింటిలో ముటోంబో 31 షాట్లు ఆపాడు.

ఆపిన ప్రతిసారీ చూపుడువేలు అటూ ఇటూ ఊపేవాడు. ప్రత్యర్థి మొహం మీద ఊపితే ఫౌల్ అని లీగ్ పట్టుబడితే, ప్రేక్షకుల వైపు తిరిగి ఊపాడు. 2013లో ఒక బీమా ప్రకటనకూ ఆ వేలే పెట్టుబడి. చిక్కల్లా జనానికి వేలే గుర్తుండిపోవడం.

కెరీర్ మొత్తంలో ఆపిన షాట్లు 3,289. అంతకు మించినవాడు హకీమ్ ఒలాజువాన్ ఒక్కడే. ఉత్తమ డిఫెండర్ అవార్డు నాలుగుసార్లు. అయినా ఈ అంకెలు సగమే చెబుతాయి. బుట్ట కింద అతను నిలబడ్డాడని చూసి దారి మార్చుకున్నవాళ్లను, అసలు వేయకుండానే మానుకున్న షాట్లను ఎవరు లెక్కపెట్టారు? (అతని మోచేతులు తగిలినవాళ్ల లెక్క వేరే!) 2001లో ఫిలడెల్ఫియాతో, 2003లో న్యూజెర్సీతో ఫైనల్స్‌కు వెళ్లి రెండుసార్లూ ఓడాడు. చాంపియన్ ఉంగరం లేదు కాబట్టి ఓ మెట్టు దిగువ అనేవాళ్లు 2008 చూడాలి. అప్పటి అతని జట్టు హ్యూస్టన్ వరసగా 12 మ్యాచ్‌లు గెలిచాక జట్టు సెంటర్ యావ్ మింగ్ గాయపడ్డాడు. ఆ స్థానంలోకి 41 ఏళ్ల ముటోంబో వచ్చాడు. జట్టు ఇంకో పది గెలిచింది.

కిన్షాసాలో అల్లర్ల వేళ కర్ఫ్యూ వల్ల ముటోంబో వాళ్లమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారు. ఇంట్లోనే ప్రాణం పోయింది. ఆమె పేరు మీద అదే ఊళ్లో 300 పడకల ఆసుపత్రి కట్టించాడు. ఖర్చు 2.9 కోట్ల డాలర్లు, అందులో సగానికి పైగా తన జేబులోదే. 2007లో అది తెరుచుకునేనాటికి ఇంకా ఆడుతూనే ఉన్నాడు. మోకాలు దెబ్బతిని కోర్టు వదిలింది 2009లో, హాల్ ఆఫ్ ఫేమ్ పిలిచింది 2015లో. 2024 సెప్టెంబరు 30న మెదడు క్యాన్సర్‌తో కన్నుమూశాడు. వయసు 58.