నొప్పి చెప్పుకోవడం ముందు నేర్చుకోవాలి

2021 జనవరిలో భారత్, జపాన్ దేశాల మధ్య నైపుణ్యం గల కార్మికుల విషయమై ఒప్పందం కుదిరింది. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం వంటి పనులకు మనవాళ్లు అక్కడికి వెళ్లే దారి సులువైంది. వెళ్లాలనుకునేవాళ్లు మొదట పేరు, ఊరు, చదువు జపనీస్‌లో చెప్పడం బట్టీ పడుతుంటారు. అది అవసరమే. కానీ ఒళ్లు బాగాలేనప్పుడు చెప్పుకునే మాటలు అంతకన్నా ముందు రావాలని మేమంటాం.

మా ఇంట్లో మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. ఇంటిల్లిపాదికీ ఆసుపత్రి చీటీ చదివిపెట్టేది మేమే. బాధ విడమరిచి చెప్పలేనివాళ్లు డాక్టరు ముందు ఎంత చిన్నబోతారో చూశాం. జపాన్‌లో దిగిన రోజున డిగ్రీ ఉన్న మనమూ చదువురానివాళ్లమే.

ఇందుకు వ్యాకరణం అడ్డు కాదు. "అతామ గ ఇతాయ్ దెస్" అంటే తల నొప్పిగా ఉంది. మాటల వరుస తెలుగులాగే ఉంది. "అతామ" తీసి "ఒనాక" పెడితే కడుపు, "మునే" పెడితే ఛాతీ. "నెత్సు గ అరిమాస్" అంటే జ్వరం ఉంది. "కినో కరా" అంటే నిన్నటి నుంచి. కళ్లు తిరుగుతున్నాయని మనమన్నట్టే వాళ్లూ "మె గ మవారు" అంటారు. "మె" అంటే కన్నే.

ఎలాంటి నొప్పో కూడా చెప్పాలి కదా! మనకు సలుపు, పోటు, మంట ఉన్నట్టే వాళ్లకు జంట మాటలున్నాయి. "జుకిజుకి" అంటే సలుపు, "చికుచికు" అంటే సూదులు గుచ్చినట్టు, "హిరిహిరి" అంటే చర్మం మండుతున్నట్టు.

అసలు చిక్కు భాషలో లేదు, మన అలవాటులో ఉంది. అమ్మానాన్నల కూలి పోతుందని జ్వరమొచ్చినా ఇంటికి కబురు పెట్టం. అడిగితే "ఏం లేదు సార్" అంటాం. జపాన్‌లో "దైజోబు దెస్" అన్నా అదే అర్థం. ఎదుటివాళ్లు నిజంగానే ఏం లేదనుకుంటారు. ఖర్చుకు జంకి దాచుకోనక్కర్లేదు. 3 నెలలకు మించి ఉండే విదేశీయులు కూడా అక్కడ ఆరోగ్య బీమాలో చేరాలి. బీమా వర్తించే వైద్యానికి సాధారణంగా 30 శాతమే మన వంతు. అంబులెన్స్ కావాలంటే 119కి ఫోన్ చేయాలి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీరు జపాన్ వెళ్లినా వెళ్లకపోయినా ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలా అనే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడం మన హాస్టల్లోనే మొదలుపెట్టండి. ఈసారి జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని పడుకోకుండా వార్డెన్ గారి గది తలుపు తట్టండి.