మోకాలి నొప్పే కదా అన్నాం

మొన్న ఎడపల్లి మండలంలోని ఒక మాదిగవాడలో ఓ యువ ఎస్సైని మట్టి చేసి వచ్చినం. ముప్పై ఏండ్లు నిండలేదు. ఎముకలో పుట్టిన కేన్సర్ ఊపిరితిత్తులకు పాకి ప్రాణం తీసింది. వాడకట్టు డప్పులు మోగినయ్. పోలీసోళ్లు బారులు తీరి వందనం చేసినరు. ఖాకీ బట్టలు అంతమంది ఆ వాడలోకి ఎవరినో పట్టుకపోవడానికి కాకుండా ఒకరిని సాగనంపడానికి రావడం మా ఎరుకలో ఇదే మొదటిసారి.

పేరు రాయడం లేదు. "పెండ్లి కావల్సిన బిడ్డ ఉన్నది సారూ, ఆ రోగం పక్కన మా ఇంటిపేరు పడితే సంబంధం రాదు" అని తల్లి చేతులు పట్టుకుని అడిగింది. ఆమె మాట మన్నిస్తున్నాం. కాని పాఠకులు ఒక్కసారి ఆలోచించాలి. కులం పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడొద్దని ఇన్నేండ్లుగా మనోళ్లకు చెబుతున్నాం. చాలామంది పేరు చివర కులాన్ని తగిలించుకుని తలెత్తుకుని తిరుగుతున్నారు. రోగం పేరు మాత్రం ఇంకా గుసగుసగానే చెప్పుకుంటున్నాం. ఈ సిగ్గు కూడా మనుషుల్ని చంపుతుంది.

ఇంకో మాట కూడా మా దాకా వచ్చింది. "పోలీసోడి మీద సంపాదకీయమా? చుండూరు మర్చిపోయారా?" అని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. మర్చిపోలేదు. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు, ఈ రెండు తేదీలూ మా గుండెల మీద ఉన్నాయి. చుండూరులో ఎనిమిది మందిని నరికి కాలువల్లో పారేసిన నాడు పోలీసులు ఎవరి పక్షాన నిలబడ్డారో ఆ ఊరి దళితులు దేశానికంతా చెప్పారు. అందుకే ఠాణాలో కుర్చీ మీద ఎవరు కూర్చున్నారన్నది మనకు చిన్న సంగతి కాదు. అంబేడ్కర్ తండ్రి రాంజీ పటాలంలో సుబేదారు. తర్వాత తెల్లదొరలు మహార్లను పటాలంలోకి తీసుకోవడం మానేస్తే ఆ తలుపు మళ్లీ తెరవాలని మహార్లు ఏండ్ల తరబడి కొట్లాడారు. 1941లో గాని మహార్ రెజిమెంటు రాలేదు. యూనిఫాం మీద మనకు మోజు లేదు. ఆ యూనిఫాం మన మీదికే వస్తుంటే అందులో మనోడు ఒకడన్నా ఉండాలన్నదే మన లెక్క.

ఉంటే ఏమైతదో ఈ పిలగాడు చూపించిండు. ఓ రోజు కూలికిపోయే ఒకామె కులం పేరుతో తిట్టి కొట్టారని ఏడ్చుకుంట ఠాణాకు పోయింది. రాజీ చేసుకోపో అని వెనక్కి పంపడం మనందరికీ తెలిసిన రివాజు. ఈయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె మాటల్లోనే రాసుకుని, చదివి వినిపించి, కాపీ చేతిలో పెట్టిండు. ఇది దయాదాక్షిణ్యం కాదు. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో జరిగిన సవరణ ప్రకారం, నాలుగో సెక్షన్ కింద, అధికారి విధిగా చెయ్యాల్సిన పనే అది. తన పని తాను చెయ్యడమే ఇంత అపురూపమైన దేశంలో ఉన్నాం కాబట్టి రాస్తున్నాం.

ఇక ఆ కాళ్ల సంగతి. ఆ కాళ్లు మాకు ఆరో తరగతి నుంచి తెలుసు. తండ్రి చెరుకు కొట్టే కూలి. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ గొట్టం పొగ చూసుకుని బతికిన వేల కుటుంబాల్లో అదొకటి. నిజాం 1937లో పెట్టిన ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. పొయ్యి ఆరింది. ఆ ఆకలి మీదనే పిలగాడు అలీసాగర్ వైపు రోడ్డు మీద తెల్లారకముందే ఉరికేవాడు. మొదట్లో బూట్లు లేవు. 800 మీటర్ల పరుగులో జిల్లా స్థాయికి పోయిండు. ఎస్సై పరీక్షలో ఆ పరుగే అక్కరకొచ్చింది. మన నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియనై, 2024లో డీఎస్పీ కొలువు అందుకుంది. ఆట నుంచి ఠాణాకు పోయే దారి మన జిల్లా పిల్లలకు కొత్త కాదు. ఆ దారిన పోయే పేద పిల్లల కాళ్లు ఎవరు చూస్తున్నారన్నదే ప్రశ్న.

మేం చూడలేదు. ఇది దాచుకోం. కొలువులో చేరిన రెండేండ్లకు ఫోన్ చేసి, "సార్, మోకాలు నొస్తుంది, రాత్రిపూట నిద్ర పట్టనిస్తలేదు" అన్నడు. "ఉరికినోనికి మోకాలు నొయ్యదా, తగ్గుతది పో" అన్నాం. నవ్వినం కూడా. అవతల ఇంటివాళ్లు నూనె పెట్టి తోమించారు. కట్టు కట్టే వైద్యుడి దగ్గరికి తీసుకపోయారు. నొప్పి గోలీలు మింగుకుంటనే బందోబస్తు డ్యూటీలు చేసిండు. నాలుగు నెలలు పోయినయ్. ఎక్స్‌రే తీసేనాటికి ఆలస్యమైంది. రోగం ఊపిరితిత్తులు ఎక్కింది.

ఆస్టియోసార్కోమా అనే ఈ ఎముక కేన్సర్ అరుదైన జబ్బు. ఎక్కువగా ఎదిగే వయసు పిల్లల్లో, మోకాలి చుట్టుపక్కలే పుడుతుంది. పెద్దవాళ్లలోనూ వస్తుంది. ఆటలో తగిలిన దెబ్బ అనుకుని వదిలెయ్యడం లోకమంతటా జరుగుతున్న పొరపాటే. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే పరుగుల కుర్రాడికి ఇదే జబ్బు చేస్తే 1977లో కుడికాలు తీసేశారు. కొయ్యకాలుతోనే 1980లో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు ఉరికి కేన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేసిండు. ఊపిరితిత్తులకు పాకడంతో ఆగిండు. 1981 జూన్ 28న, 22 ఏండ్ల వయసులో పోయిండు. కీమో మందులు రాకముందు, కాలు తీసేసినా వందలో ఇరవై మంది బతికితే గొప్ప. ఇప్పుడు ఎముక దాటకముందే పట్టుకుని మందులు, ఆపరేషన్ రెండూ సరిగ్గా అందిస్తే వందలో అరవై, డెబ్బై మంది ఐదేండ్లు దాటి బతుకుతున్నారు. చాలామందికి కాలు కూడా దక్కుతుంది. ఊపిరితిత్తులకు పాకాక ఆ లెక్క ముప్పైకి అటూ ఇటూ పడిపోతుంది. మేం నవ్విన ఆ నాలుగు నెలల విలువ అది.

పతకం తెచ్చిన రోజు దండలేసే దేశం జబ్బు చేసిన రోజు ఎట్లుంటదో మణిపూర్ డింగ్కో సింగ్ బతుకు చెబుతుంది. అనాథాశ్రమంలో పెరిగి, నౌకాదళంలో కొలువు చేసి, 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బంగారు పతకం కొట్టిన బాక్సరు. కాలేయ కేన్సరుతో 2021 జూన్ 10న 42 ఏండ్లకే పోయిండు. వైద్యానికి ఇల్లు అమ్ముకున్నాడని పత్రికలు రాశాయి.

మన దగ్గర ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది. పోలీసులకు ఆరోగ్య భద్రత ఉంది. కాదనం. కాని ఆ కార్డు ఆస్పత్రి గడప మీద పనిచేస్తుంది. ఆ గడప దాకా మనిషిని చేర్చే పని ఎవరిది? నిజామాబాద్‌లో 2013 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. అయినా కేన్సర్ అనగానే పేదోడు దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు పోయి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రి బయట చాప పరుచుకుంటున్నాడు. కూలి పోతుంది, కిరాయిలు పోతాయి, తోడొచ్చిన మనిషి కూలి కూడా పోతుంది. ఈ లెక్క ఏ కార్డులోనూ లేదు.

అందుకే మేం అడుగుతున్నాం. జిల్లా కేంద్రంలోనే అనుమానం తేల్చే పరీక్షలు, కీమో మందులు అందాలి. బడుల్లో, హాస్టళ్లలో, గురుకులాల్లో ఆటలాడే పిల్లలకు ఏడాదికోసారి వైద్య పరీక్ష జరగాలి. ఒళ్లు కొలిచి కొలువిచ్చే పోలీసు శాఖ, కొలువులో చేరినంక కూడా ఆ ఒంటిని పట్టించుకోవాలి. నొప్పి అని చెప్పినోడిని డ్యూటీ ఎగ్గొట్టేటోడని చూడొద్దు.

మనవాళ్లకూ చెబుతున్నాం. మోకాలు నొచ్చిన ప్రతి పిలగానికీ కేన్సర్ ఉందని భయపెట్టడం లేదు. రెండు మూడు వారాలైనా తగ్గని నొప్పి, రాత్రిపూట ఎక్కువయ్యే నొప్పి, ఎముక మీద వాపు, ఈ మూడింట్లో ఏది కనిపించినా ముందు ఎక్స్‌రే తీయించండి. ఆ తర్వాతే తోముడైనా, కట్టైనా. గడ్డ ఉన్నచోట తోమితే, బిగించి కడితే కీడే జరుగుతుంది.

ఆయన పేర ఫ్లెక్సీ కడదామని, విగ్రహం పెడదామని కుర్రాళ్లు చందాల మాట ఎత్తారు. వద్దన్నాం. ఆ చందా డబ్బు ఒక పెట్టెలో వేసి, నొప్పి అన్న పేద పిల్లను, పిలగాన్ని ఎక్స్‌రేకు తీసుకపోవడానికి బస్సు కిరాయిగా ఉంచుదామన్నాం. తల్లి ఒప్పుకుంది. మొదటి వంద రూపాయలు ఆమే వేసింది. ఇకనుంచి ఏ పిలగాడన్నా "సార్, నొస్తుంది" అంటే మేం నవ్వం.

జై భీమ్.