పడవ మీదుగా జరిగిన గీత: జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘానికి బహిరంగ లేఖ



పశ్చిమ బెంగాల్‌లోని సుందర్‌బన్ టైగర్ రిజర్వులో దక్షిణ 24 పరగణాల అటవీ విభాగానికి చెందిన మాత్లా, రాయ్‌దిఘి, రామ్‌గంగా రేంజీల నుంచి 1,044.68 చదరపు కిలోమీటర్లను చేర్చడానికి స్థాయీ సంఘం 2025 ఆగస్టులో ఆమోదం తెలిపింది. దీనితో ఆ రిజర్వు విస్తీర్ణం 3,629.57 చదరపు కిలోమీటర్లకు పెరిగి, ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్–శ్రీశైలం తరువాత దేశంలో రెండవ అతిపెద్ద టైగర్ రిజర్వుగా నిలుస్తుంది. పులికి చోటు పెరగడాన్ని ఈ లేఖ తప్పుపట్టడం లేదు. అయితే ఆ మూడు రేంజీల నీళ్లలో చాలాకాలంగా చేపలు, పీతలు పట్టుకుంటున్నవారు ఒక నిర్ణయంతో ఎవరుగా మారిపోతారో, అక్కడ పులి వాత పడినవాని కుటుంబాన్ని రేపు ఏ పేరుతో పిలుస్తారో స్థాయీ సంఘం వివరించవలసి ఉంది.

సుందర్‌బన్‌లో చేపల, పీతల వేటకు వెళ్లినవానికి పులి ఎదురుపడటాన్ని అనుకోని ప్రమాదంగా రాసుకోవడం కాగితాలకు అలవాటు. అక్కడి పని తీరు తెలిసినవారెవరూ దానిని అనుకోనిదనరు. ఆంధ్ర తీరంలో మండపీత అని పిలిచే పెద్ద బురదపీత మడ అడవుల అంచున, సన్నటి పాయల గట్లలో బొరియలు చేసుకుని ఉంటుంది. దానిని పట్టడానికి ఇద్దరు ముగ్గురు మాత్రమే పట్టే చిన్న నావలో బయలుదేరి, పొడవాటి తాడుకు వరుసగా ఎర ముక్కలు కట్టి నీటిలో వదిలి, కొంతసేపటికి దానిని మెల్లగా లాగుతూ ఎరను పట్టుకుని పైకి వచ్చిన పీతను చేతివలతో తీసుకుంటారు. పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తీసే సమయంలో, గట్టు బురద బయటపడుతుంది కనుక కొందరు నావ దిగి ఇనుప ఊచతో బొరియలనుంచి పీతలను లాగుతారు. నడుము వంచి నేలవైపు చూస్తున్న మనిషికి నాలుగడుగుల వెనుక హెంతాల్ పొద ఉంటుంది. హెంతాల్ అంటే ఆ ఉప్పునేలలో గుబురుగా పెరిగే ఒక జాతి ఈత చెట్టు, పులి చారలు దాని ఎండుటాకులలో కలిసిపోతాయి. పులి సాధారణంగా వెనుకనుంచి మెడమీదికి దూకుతుంది. పరుగెత్తుదామంటే మోకాలి లోతు బురద, ఆ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చిన శ్వాసమూలాలు, అంటే గాలి పీల్చుకోవడానికి మడచెట్లు నిలువుగా పెంచుకునే వేళ్లు. ఇక నీటిలోనైనా భద్రత ఉందా అంటే, ఆ పులి పాయలను ఈదగలదు; రొయ్యపిల్లల కోసం నడుము లోతు నీటిలో వల ఈడ్చే ఆడవాళ్లను ఉప్పునీటి మొసలి లాక్కుపోయిన సంఘటనలు ఆ గ్రామాలకు కొత్త కావు.

ఈ సంగతులు అటవీ శాఖకు తెలియవా? తెలిసే కదా 1980లలో తల వెనుక మనిషి ముఖం ఉన్న తొడుగులు పంచినది, విద్యుత్ తీగలు చుట్టిన మనిషి బొమ్మలు గట్లమీద నిలబెట్టినది. ముఖం తమవైపు తిరిగి ఉందనుకుని పులులు కొంతకాలం వెనక్కి తగ్గినా, తరువాత ఆ మాయను పసిగట్టాయని చెబుతారు. ఆ ప్రయోగాలు పూర్తిగా ఫలించకపోయినా, వేటకు వెళ్లే మనిషి ప్రాణం ప్రభుత్వ బాధ్యత అన్న ఒక అంగీకారం వాటి వెనుక ఉండేది. ఆ అంగీకారం ఇప్పుడు ఎక్కడ ఉంది?

టైగర్ రిజర్వులో రెండు భాగాలుంటాయి. మనుషుల జోక్యం ఉండకూడదని చట్టం నిర్దేశించినది కోర్ ప్రాంతం. దాని చుట్టూ నియంత్రణలతో జీవనోపాధిని అనుమతించేది బఫర్ ప్రాంతం. సుందర్‌బన్ రిజర్వు బఫర్ నీళ్లలో వేటాడటానికి పడవ లైసెన్సు పత్రం ఉండాలి. అక్కడ బీఎల్‌సీ అని పిలిచే ఈ పత్రాల సంఖ్య ఎన్నడో స్థిరపడి తొమ్మిది వందల చిల్లర దగ్గర ఆగిపోయింది. వాటిలో చాలా భాగం వేట మానేసినవారి చేతుల్లో ఉండి అద్దెకు తిరుగుతున్నాయి. పత్రం యజమాని ఒడ్డున ఉంటాడు, అద్దె కట్టినవాడు పులి ఎదుట ఉంటాడు. ఇప్పుడు చేర్చిన మూడు రేంజీలలో ఇన్నాళ్లూ ఈ పత్రం లేకుండా వేటాడినవారికి కొత్త పత్రాలు ఇస్తారా, లేక వారు కూడా ఎవరి దగ్గరో అద్దెకు తీసుకోవాలా? ఏ పాయ కోర్, ఏ పాయ బఫర్ అన్నది బురదనీటిమీద ఎవరు గీసి చూపిస్తారు? పోటుకు కొట్టుకుపోయిన నావ గీత దాటితే అది నేరమేనా? గీతే జరిగి నావ మీదుగా వెళ్లినప్పుడు నేరం ఎవరిది?

ఈ ప్రశ్నలు ఊహాజనితాలు కావు. అనుమతి లేనిచోట పులి చంపితే పరిహారం రాదని, పైగా కేసు, జరిమానా, పడవ స్వాధీనం తప్పవని భయపడి, భర్త మరణాన్ని పులి మరణంగా చెప్పుకోలేకపోయిన స్త్రీలు ఆ దీవులలో ఉన్నారు. అక్కడ వారిని ‘బాఘ్ బిధవ’, అంటే పులి చంపినవాని వితంతువు అంటారు. భర్తను పులికి ఇచ్చిందన్న నింద కూడా కొన్ని ఇళ్లలో ఆమె మీదనే పడుతుంది. కోర్ ప్రాంతంలో చనిపోయినా, అనుమతి లేకున్నా కుటుంబానికి పరిహారం చెల్లించవలసిందేనని కలకత్తా హైకోర్టు 2023లో ఒక కేసులో తేల్చి అయిదు లక్షల రూపాయలు ఇప్పించింది. ఒక నిరుపేద స్త్రీ హైకోర్టు మెట్లెక్కితే తప్ప తన భర్త ఎలా చనిపోయాడో ప్రభుత్వం ఒప్పుకోలేదంటే సిగ్గుపడవలసినది ఎవరు?

ఆ మనుషులు దురాశతో అడవిలోకి వెళుతున్నారన్న మాట అధికారుల నోట తరచు వినిపిస్తుంది. 2009 మే నెలలో అయిలా తుఫాను కరకట్టలను తెంచి పొలాలలో ఉప్పునీరు నింపినప్పుడు, అనేక గ్రామాలలో వరి పండే నేల సంవత్సరాల తరబడి చౌడుబారింది. కాలూచేయీ ఆడేవారు దక్షిణాది రాష్ట్రాలకు కూలికి వచ్చారు. తెలుగు రాష్ట్రాలలోనూ బెంగాలీ కూలీలు కనిపిస్తారు, వారిలో ఎవరిది ఏ దీవి అని అడిగినవారు తక్కువ. ఊళ్లో మిగిలినవారికి దిక్కు పీత అయింది, విదేశీ గిరాకీవల్ల దాని ధర కూడా పెరిగింది. 2020లో లాక్‌డౌన్ కూలీలను ఇంటికి తరిమిన కొద్ది వారాలకే అంఫాన్ తుఫాను విరుచుకుపడింది, పాయల్లోకి వెళ్లే నావలు పెరిగాయి. ఇందులో దురాశ ఏది?

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2006లో చేసిన సవరణ ప్రకారం బఫర్ ప్రాంతపు హద్దులను సంబంధిత గ్రామసభతోనూ, నిపుణుల సంఘంతోనూ సంప్రదించి నిర్ణయించాలి. మాత్లా ఒడ్డున ఏ గ్రామసభ ఏ తేదీన కూర్చుంది, అక్కడ ఎవరు ఏమన్నారు, ఆ మాటలు బెంగాలీలో ఎక్కడ దొరుకుతాయి? కవ్వాల్, తడోబా అడవులను కలిపే, తెలంగాణలోని కుమ్రం భీం కన్సర్వేషన్ రిజర్వు కోసం 2025 మే నెలలో వచ్చిన 49వ నంబరు జీవోను ఆదివాసుల నిరసన తరువాత జూలైలో నిలిపివేయవలసి వచ్చింది. అది జరిగి నెల తిరగకముందే మరొకచోట అదే పద్ధతిలో సాగడం చూస్తే, ఆ అనుభవం ఢిల్లీ దాకా చేరలేదనే అనుకోవాలి.

పులిని చంపమని సుందర్‌బన్ జాలరులు అడగటం లేదు. అడవిలోకి అడుగుపెట్టేముందు హిందువులూ ముస్లిములూ కలిసి అడవిని కాచే దేవత బనబీబీకి మొక్కి, అవసరానికి మించి తీసుకోబోమని మాట ఇచ్చే సమాజం అది. ఆ సమాజాన్ని సంరక్షణకు అడ్డంకిగా కాక సంరక్షణలో భాగంగా చూడటం స్థాయీ సంఘానికి అంత కష్టమా? కొత్త హద్దులు అమలులోకి వచ్చేలోపు ఆ మూడు రేంజీల జాలరులను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాలని, వారి పడవలకు, వారి మరణాలకు ఏదో ఒక న్యాయమైన లెక్క చూపాలని, అది ఢిల్లీ సమావేశ గదిలో కాక ఆ దీవులమీదనే జరగాలని ఈ లేఖ కోరుతున్నది.