అలసట అనుకున్నారు.. ప్రాణం పోయింది!

వేసవి సెలవులు రాగానే పిల్లల్ని ఏదో ఒక ఆటల శిబిరంలో చేరుస్తాం. ఫీజు, టైమింగ్స్, కోచ్ ఎవరు.. అన్నీ ఆరా తీస్తాం. ‘మా పిల్లాడు ఎండకు పడిపోతే ఏం చేస్తారు?’ అని మాత్రం అడగం. ఆ ప్రశ్న ఎంత అవసరమో అమెరికాలో జరిగిన ఓ విషాదం చెబుతుంది.

2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు సాధన చేస్తోంది. ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేత్తో పట్టుకుని, ఢీకొట్టుకుంటూ ఆడే ఆట. 110 గజాల పరుగులు పదే పదే తీస్తూ 19 ఏళ్ల జోర్డన్ మెక్‌నేర్ నిలబడలేని స్థితికి వచ్చాడు. ఆసుపత్రిలో చూస్తే శరీర ఉష్ణోగ్రత 106 డిగ్రీల ఫారన్‌హీట్. కాలేయ మార్పిడి చేసినా ఫలితం లేకపోయింది. జూన్ 13న కన్నుమూశాడు.

తప్పెక్కడ జరిగింది?

లక్షణాలు కనిపించాక మైదానం నుంచి తీసుకెళ్లడానికే 34 నిమిషాలు పట్టింది. అంబులెన్స్ క్యాంపస్ దాటేసరికి గంటా 39 నిమిషాలు గడిచాయి. సిబ్బంది ఉష్ణోగ్రత కొలవలేదు, చల్లటి నీటి తొట్టిలో ఉంచలేదు. శ్రమతో వచ్చే వడదెబ్బలో మొదటి అరగంటే కీలకం. ఆలోగా శరీరాన్ని చల్లబరిస్తే దాదాపు అందరూ బతుకుతారు.

ఆటగాళ్ల వైద్యంలో కోచ్‌లు జోక్యం చేసుకోకూడదని అమెరికా కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలోని పెద్ద జట్లు 2016లోనే నిబంధన పెట్టుకున్నాయి. కానీ నిబంధన కాగితం మీద ఉంటే చాలదు. చాలామంది ఆటగాళ్లు నోరు విప్పడానికే భయపడ్డారని మేరీలాండ్ జట్టుపై విచారణలో తేలింది. ‘ఇక నావల్ల కాదు’ అన్నవాణ్ని చేతకానివాడిగా చూసే చోట పిల్లలు ప్రమాదాన్ని దాచుకుంటారు.

బాధ్యత తమదేనని విశ్వవిద్యాలయం ఆగస్టులో ఒప్పుకొంది. అయినా అక్టోబరు 30న పాలకమండలి ప్రధాన కోచ్‌ను కొనసాగించాలని నిర్ణయించింది. నిరసనలు వెల్లువెత్తడంతో మర్నాడే ఆయన్ను తొలగించారు. 2021లో కుటుంబానికి 35 లక్షల డాలర్ల పరిహారం అందింది. అదే ఏడాది జోర్డన్ పేరిట మేరీలాండ్ రాష్ట్రం ఆటగాళ్ల రక్షణకు చట్టం చేసింది. ఇవన్నీ బిడ్డ పోయాక జరిగినవే!

మీరేం చేయాలి?

మన ఎండల సంగతి మీకు తెలియంది కాదు. చేర్పించే ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. సాధన ఏ వేళల్లో? మధ్యలో నీడ, నీళ్లు, విరామం ఉంటాయా? ఐసు, నీళ్ల తొట్టి సిద్ధంగా ఉంటాయా? ఆపమని చెప్పే అధికారం కోచ్‌కు కాకుండా ఇంకెవరికైనా ఉందా?

పిల్లలు తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, అకారణంగా కోప్పడుతున్నా మామూలు అలసట అనుకోవద్దు. చెమట పడుతోందని ధీమా పడొద్దు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చూడండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

ముఖ్యంగా, ‘ఒంట్లో బాగోలేకపోతే ఆగిపో, నిన్నెవరూ ఏమీ అనరు’ అని మీ పిల్లలకు ఇవాళే చెప్పండి. ఆ మాట కోచ్ ముందు చెబితే మరీ మంచిది.