ఎద్దు సంవత్సరంలో పుట్టిన బిడ్డ



ఈ మధ్య ఆదివారం ఆరాధన అయ్యాక, పదో తరగతి ముగించిన ఒక బిడ్డ ఫోను పట్టుకొని మా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, నేను 2009లో పుట్టాను కదా, చైనా జాతకంలో అది ఎద్దు సంవత్సరమంట. ఎద్దు వాళ్ళకు బ్యాంకు పని, లెక్కల పని, వ్యవసాయం కలిసొస్తాయంట. బైపీసీ మానేసి సీఈసీలో చేరనా?" అని అడిగింది. చిన్నప్పటి నుండి నర్సు అవ్వాలని మన చేత ప్రార్థన చేయించుకున్న బిడ్డ ఆమె. మేము నవ్వి పంపించేద్దాం అనుకున్నాం గాని, ఆ ముఖంలో భయం చూశాక నవ్వలేకపోయాం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. చైనావారి పాత పంచాంగంలో ఏడాదికొక జంతువు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. పన్నెండేళ్ళకు ఒక చుట్టు. దీనికి కర్ర, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదింటిని కలిపితే 60 ఏళ్ళకు పెద్ద చుట్టు పూర్తవుతుంది. మన తెలుగు సంవత్సరాలు ప్రభవ నుండి అక్షయ వరకు 60 ఉన్నట్టే. కాలాన్ని అలా లెక్కపెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఎద్దు అంటే మన ఊళ్ళో తిట్టు గాని, వాళ్ళకు అది ఓర్పుకు, కష్టానికి గుర్తు.

చిక్కు వచ్చేది తర్వాత. ఎలుక వాళ్ళు తెలివైనవారు, వ్యాపారం చేయాలి. పులి వాళ్ళు నాయకులు. గుర్రం వాళ్ళు ఒకచోట నిలవరు, తిరిగే ఉద్యోగం మంచిది. కుక్క వాళ్ళు నమ్మకస్తులు, పోలీసు పని, కోర్టు పని సరిపోతుంది. ఇలా మనిషికి గుణాన్నీ, బ్రతుకుతెరువునూ కట్టేస్తారు. మేము ఆ బిడ్డను ఒకటే అడిగాం. "తల్లీ, ఎద్దు వాళ్ళకు ఓర్పు ఎక్కువ అని ఇందులోనే ఉంది. నర్సుకు ఓర్పు అక్కరలేదా?" ఆమె మాట్లాడలేదు.

ఇంకో సంగతి ఆలోచించండి. చైనా కొత్త సంవత్సరం జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్యలో వస్తుంది. అంటే మన హైస్కూల్లో ఒక తరగతి పిల్లలను నిలబెడితే, దాదాపు అందరూ ఒకటి రెండు జంతువుల కిందికే వస్తారు. వాళ్ళంతా ఒకే గుణం గలవారా? ఏ టీచరునైనా అడగండి. వాక్యంలో చూస్తే ఏశావు, యాకోబు ఒకే కాన్పులో పుట్టారు. ఒకడు అడవిలో వేటకు పోయాడు, ఇంకొకడు గుడారాల దగ్గర ఉన్నాడు (ఆదికాండము 25). పుట్టిన ఏడాది ఒక్కటే, గడియ కూడా దాదాపు ఒక్కటే. అయినా పనులు వేరు, గుణాలు వేరు.

అయితే ఇదంతా ఉత్తిదే, దీనివల్ల ఏమీ కాదు అని కూడా మేము చెప్పలేం. జపాన్‌లో ఏం జరిగిందో చూడండి. ఈ లెక్కలో 1966 నిప్పు గుర్రం సంవత్సరం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుడికి కీడు తెస్తుందని అక్కడ పాత నమ్మకం. 1965లో అక్కడ సుమారు 18 లక్షల మంది పుడితే, 1966లో 13 లక్షల 60 వేల మందే పుట్టారు. మరుసటి ఏడు 19 లక్షలు దాటారు. కీడు చేసింది గుర్రం కాదు, భయం. 60 ఏళ్ళు తిరిగి 2026లో మళ్ళీ నిప్పు గుర్రమే వచ్చింది. మన పంచాంగంలోనూ 1966లో ఉగాదితో వచ్చినది పరాభవ నామ సంవత్సరమే. ఆ ఏడు పుట్టిన పెద్దలు మన సంఘంలో ఉన్నారు. పేరును బట్టి వాళ్ళు పరాభవం పాలయ్యారా?

చైనాలో డ్రాగన్ సంవత్సరం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. డ్రాగన్ పిల్లలు గొప్పవాళ్ళవుతారని అక్కడ నమ్మకం. వాళ్ళు నిజంగానే చదువులో కొంత ముందున్నారని 2017లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. కారణం వెదికితే, ఆ పిల్లల్లో పుట్టుకతో ప్రత్యేకత ఏమీ కనబడలేదు. మా బిడ్డ పైకి వస్తాడని తల్లిదండ్రులు ఎక్కువ ఆశ పెట్టుకున్నారు. వాళ్ళ కోసం సమయం, డబ్బు ఎక్కువ పెట్టారు. ఆ పన్నెండింటిలో లోకంలో లేని జంతువు డ్రాగన్ ఒక్కటే. లేనిదాన్ని నమ్మి పెంచితేనే పిల్లల్లో అంత తేడా వచ్చింది.

ఇక్కడ మనం ఆగి మనల్ని చూసుకోవాలి. చైనా పట్టికలో గాడిద లేదు. ఆ లోటు మనం తీరుస్తున్నాం! గాడిద, దున్నపోతు, మొద్దు... మన ఇళ్ళలో పొద్దున లేస్తే బిడ్డలకు పెట్టే పేర్లు ఇవే కదా. జాతకం చూడము అని సాక్ష్యం చెప్పుకునే మనమే, మన నోటితో బిడ్డల జాతకం రాస్తున్నాం.

ఇది ఇతరుల గురించి చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక సహోదరుడు తన కొడుకు పదో తరగతి తప్పాడని మా దగ్గరికి వచ్చాడు. మేము ప్రార్థన అయినా చేయకుండా, "వాడికి చదువు అబ్బదు, తాపీ పనిలో పెట్టండి" అన్నాం. ఆ కుర్రవాడు ఈరోజు మంచి మేస్త్రీ. ఆ పని ఏమీ తక్కువది కాదు. అయితే మందిరం ప్రహరీ గోడ కట్టేటప్పుడు అతడు కాగితం లేకుండా ఇటుకలు ఎన్ని, సిమెంటు బస్తాలు ఎన్ని అని నోటితో లెక్క చెప్పేశాడు. అతడు పదిలో తప్పినది లెక్కలే. "మళ్ళీ పరీక్ష రాయలేదా?" అని అడిగితే, "నాకు చదువు రాదని మీరే చెప్పారు కదా అయ్యగారూ" అన్నాడు. ఆ గోడ దగ్గరే అతణ్ణి క్షమాపణ అడిగాం. అతడు నవ్వేశాడు. మాకు నవ్వు రాలేదు.

సమూయేలు యెష్షయి ఇంటికి వెళ్ళిన రోజు జ్ఞాపకం చేసుకోండి (1 సమూయేలు 16). తండ్రి ఏడుగురు కొడుకులను వరుసగా నిలబెట్టాడు. చిన్నవాణ్ణి పిలవనైనా లేదు. గొఱ్ఱెల దగ్గర ఉండేవాడని అతని లెక్క. దేవుడు కోరుకున్నది ఆ లెక్కలో లేని బిడ్డనే. దావీదును తక్కువగా చూసింది నక్షత్రం కాదు, కన్న తండ్రి.

ఆ బిడ్డ సంగతికి వస్తే, "నర్సు అవ్వాలని ఎందుకు అనుకున్నావమ్మా?" అని అడిగాం. వాళ్ళ నాయనమ్మ మంచాన పడినప్పుడు ఆ పుండ్లు కడిగి కట్టు కట్టింది తనేనని చెప్పింది. అయితే దాన్ని చూసుకో, సైన్సులో వచ్చిన మార్కులు చూసుకో, ఇంట్లో స్తోమత చూసుకో, అమ్మానాన్నలతో కలిసి మోకరించు, ఆ తర్వాత నిర్ణయించుకో అని పంపాం. ఏ గ్రూపు తీసుకుంటుందో ఇంకా తెలియదు. ఏది తీసుకున్నా ఫోనుకు భయపడి తీసుకోకూడదని మా ప్రార్థన.

తల్లులారా, తండ్రులారా, ఈ రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడు మీ బిడ్డను ఏ పేరుతో పిలుస్తున్నారో ఒకసారి వినండి. గర్భంలో రూపింపక మునుపే ఎరిగిన దేవుడు (యిర్మీయా 1) ఆ బిడ్డను ఆ పేరుతో పిలవడం లేదు.

ప్రభువు మీ ఇంటిని, మీ బిడ్డలను, మీ నోటి మాటను దీవించును గాక. ఆమెన్.